పెదవి దగ్గర ఆగిపోకూడని సాయం

పుట్టుకతో వచ్చే ముఖ లోపాలలో తరచుగా కనిపించేవి రెండు: తెలుగునాట గ్రహణం మొర్రి అని పిలిచే పెదవి చీలిక, దానితో కలిసి గానీ విడిగా గానీ వచ్చే అంగిలి చీలిక. ప్రపంచంలో సుమారు ప్రతి 700 మంది శిశువులలో ఒకరు ఈ లోపంతో పుడుతున్నారని వైద్యుల అంచనా. ఏటా రెండు కోట్లకు పైగా శిశువులు పుట్టే భారతదేశంలో, ఈ లెక్కన, ఏడాదికి దాదాపు 30 వేల కుటుంబాల్లో ఈ సమస్య తలెత్తుతుంది. దీన్ని సరిచేసే శస్త్రచికిత్స పద్ధతులు స్థిరపడి అర్ధశతాబ్దం దాటింది. ఆరితేరిన సర్జన్లు దేశంలోనే ఉన్నారు. ఖర్చు పెట్టుకోలేని కుటుంబాల తరఫున డబ్బు కట్టే స్వచ్ఛంద సంస్థలూ, ప్రభుత్వ పథకాలూ ఉన్నాయి. అయినప్పటికీ ఆసుపత్రి గడప తొక్కని పిల్లలు, పెదవికి ఆపరేషన్ జరిగినా అంగిలికి జరగని పిల్లలు, రెండూ జరిగినా మాట స్పష్టంగా రాక బడిలో నోరు విప్పని పిల్లలు ఇంకా మిగిలిపోతూనే ఉన్నారు. ఈ రంగంలో దాతృత్వానికి కొరత ఉందనడం కంటే, అది ఎక్కడ మొదలవుతున్నదో, ఎక్కడ చాలించుకుంటున్నదో పరిశీలించడం ఎక్కువ ప్రయోజనకరం.

ముఖం కలిసే వారాలు

గర్భస్థ శిశువు ముఖం మొదటి నుంచీ ఒకే భాగంగా ఉండదు. నుదుటి వైపు నుంచి కిందికి దిగే కణజాలమూ, రెండు చెంపల వైపు నుంచి మధ్యకు పెరిగే కణజాలమూ ఒకదానితో ఒకటి అతుక్కున్నప్పుడే పై పెదవి, ముక్కు అడుగుభాగం, పై చిగురు ముందుభాగం ఏర్పడతాయి. పిండం రూపుదిద్దుకునే క్రమంలో ఈ అతుకు నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య పడుతుంది. ఆ వెనువెంటనే, నాలుకకు రెండు పక్కలా నిలువుగా ఉన్న పలుచని పలకలు పైకి లేచి, అడ్డంగా వాలి, మధ్యలో కలిసి నోటికి పైకప్పుగా మారతాయి. దాన్నే అంగిలి అంటారు. మొదటి అతుకు పడకపోతే పెదవి చీలిక, రెండోది పడకపోతే అంగిలి చీలిక మిగులుతుంది. చీలిక పెదవి అంచున చిన్న నొక్కుతో సరిపోవచ్చు, చిగురును దాటి అంగిలి చివరిదాకా పోవచ్చు, ఒక పక్కన ఉండవచ్చు, రెండు పక్కలా ఉండవచ్చు. పెదవి చీలిక మగపిల్లలలోనూ, అందులో ఎడమ పక్కనూ ఎక్కువగా కనిపిస్తుంది; పెదవి బాగానే ఉండి అంగిలి మాత్రమే చీలి ఉండటం ఆడపిల్లలలో ఎక్కువ.

చాలామంది పిల్లల విషయంలో కారణం ఇదీ అని ఒక్కదాన్ని వేలెత్తి చూపడం సాధ్యం కాదు. వంశపారంపర్యంగా వచ్చే జన్యువుల ప్రభావమూ, గర్భం తొలి వారాలలో తల్లి శరీరంలోని పరిస్థితులూ కలిసి పనిచేస్తాయని వైద్యశాస్త్రం చెబుతున్నది. తల్లికి అదుపులో లేని మధుమేహం ఉండటం, పొగతాగడం, మద్యం, మూర్ఛవ్యాధికి వాడే వాల్ప్రోయేట్, టోపిరమేట్ వంటి కొన్ని మందులు ప్రమాదాన్ని పెంచుతాయని తేలింది. తల్లిదండ్రులలో ఎవరికీ లేకుండా మొదటి బిడ్డకు చీలిక వచ్చినప్పుడు, తరువాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి మూడు నుంచి అయిదు దాకా ఉంటుంది. అంటే నూటికి తొంభై అయిదుగురు, అంతకు మించి, ఆ లోపం లేకుండానే పుడతారు. ఈ ఒక్క లెక్క చెప్పేవారు దొరక్క రెండో కాన్పుకు భయపడే దంపతులు ఎందరో ఉన్నారు.

వీటిలో ఎక్కడా గ్రహణానికి చోటు లేదు. గ్రహణ సమయంలో గర్భిణి బయట తిరిగిందనో, కత్తిపీట ముందు కూర్చుని కూర తరిగిందనో బిడ్డ పెదవి చీలిందన్న నమ్మకం తెలుగు పల్లెల్లో బలంగా పాతుకుపోయింది. గ్రహణం ఏడాదిలో కొన్నిసార్లే వస్తుంది, అందులోనూ ఒక ప్రాంతానికి కనిపించేవి తక్కువ. చీలికతో పుట్టే పిల్లలు మాత్రం ఏ నెలలోనైనా, ఏ దేశంలోనైనా పుడుతూనే ఉంటారు. పైగా, పెదవి అతుకు పడే వారాల్లో చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతి రూఢిగా తెలిసి కూడా ఉండదు. ఈ నమ్మకం వల్ల జరిగే అసలు నష్టం, బిడ్డ లోపానికి తల్లిని దోషిగా నిలబెట్టడం. అత్తింటివారి మాటలకు కుంగిపోయిన బాలింత బిడ్డను నలుగురిలోకి తీసుకురావడానికి జంకుతుంది. ఆసుపత్రికి చేరవలసిన నెలలు ఇంటి గోడల మధ్య గడిచిపోతాయి. అందువల్ల ఈ రంగంలో పనిచేసే ఏ సంస్థకైనా మొదటి పని, ఆపరేషన్ గదికి చాలా దూరంలో, ఆ ఇంటి వసారాలో మొదలవుతుంది.

గర్భిణులకు సాధారణంగా 18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌లో పెదవి చీలిక చాలావరకు కనిపిస్తుంది, అంగిలి చీలిక ఒక్కటే ఉంటే కనిపెట్టడం కష్టం. ముందుగా తెలిసినప్పుడు దాన్ని బిడ్డను వదులుకోవడానికి కారణంగా కాక, కాన్పు తరువాత ఎక్కడికి వెళ్లాలో సిద్ధపడే అవకాశంగా తీసుకోవాలని చెప్పగలిగే వైద్యుల అవసరం ఎంతో ఉంది.

పాల దగ్గరే మొదలయ్యే పోరాటం

శిశువు పాలు చీకాలంటే నోటిలో గాలి లాగే ఒత్తిడి ఏర్పడాలి, దానికి నోటికీ ముక్కుకూ మధ్య అంగిలి గట్టిగా మూసి ఉండాలి. అంగిలి చీలి ఉన్న బిడ్డ ఎంత చీకినా ఆ ఒత్తిడి నిలవదు. నోట్లోకి వచ్చిన కాసిని పాలూ ముక్కులోంచి బయటికి వస్తాయి, ఒక్కోసారి ఊపిరితిత్తుల వైపు పోయి న్యుమోనియాకు దారితీస్తాయి. చీకి చీకి అలసిపోయిన బిడ్డ కడుపు నిండకుండానే నిద్రపోతాడు. చూసేవారికి బిడ్డ గంటసేపు తల్లి దగ్గర పాలు తాగినట్టే ఉంటుంది, వారం తరువాత తూకం వేస్తే బరువు మాత్రం పెరిగి ఉండదు.

దీనికి పరిష్కారం ఖరీదైనది కాదు. తల్లి తన పాలను శుభ్రమైన గిన్నెలోకి పిండి, బిడ్డ తల ఎత్తుగా ఉండేలా దాదాపు నిటారుగా ఒడిలో కూర్చోబెట్టుకుని, చెంచాతో గానీ, అంచున సన్నని మూతి ఉన్న ఉగ్గుగిన్నెతో గానీ, చెంప లోపలి వైపు కొద్దికొద్దిగా పోస్తూ, బిడ్డ మింగేదాకా ఆగి, మధ్యమధ్య భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించాలి. తెలుగు ఇళ్లలో తరతరాలుగా వాడుకలో ఉన్న ఆ చిన్న పాత్ర ఇక్కడ మళ్లీ అక్కరకు వస్తుంది. అయితే ఈ పద్ధతిని కాన్పు జరిగిన రోజే, బిడ్డను ఇంటికి పంపకముందే, ఎవరైనా చేసి చూపించాలి. నర్సుకు తెలియక, ఆశా కార్యకర్తకు ఎవరూ చెప్పక, ఆ ఒక్క పాఠం అందకపోవడం వల్ల బిడ్డ చిక్కిపోయి, ఆపరేషన్‌కు కావలసిన బరువు రాక, నెలల తరబడి వాయిదా పడటం ఈ రంగంలో పనిచేసే వైద్యులందరికీ తెలిసిన విషయమే. చిక్కి, రక్తహీనతతో ఉన్న పసిబిడ్డకు మత్తు ఇవ్వడం ప్రమాదం. అందుకే బిడ్డకు పది వారాల వయసు, పది పౌన్ల బరువు, అంటే సుమారు నాలుగున్నర కిలోలు, రక్తంలో పది గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలన్న ‘పదుల సూత్రం’ సర్జన్లలో చాలాకాలంగా వాడుకలో ఉంది. దాత ఇచ్చే సొమ్ములో కొంత తల్లికి పాలు పట్టే పద్ధతి నేర్పడానికీ, బిడ్డ బరువును ప్రతి నెలా చూడటానికీ ఖర్చయితే, తరువాత జరిగే శస్త్రచికిత్స భద్రంగా జరుగుతుంది.

పుట్టిన నాటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా

చీలికకు చికిత్స అంటే ఒక పూటలో ముగిసే కుట్టుపని అని చాలామంది అనుకుంటారు. నిజానికది బిడ్డ ఎదుగుదలతో పాటు నడిచే సుదీర్ఘమైన క్రమం. పెదవికి శస్త్రచికిత్స సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య చేస్తారు. చీలిన పెదవిలో చర్మం ఒక్కటే కాక, నోటి చుట్టూ తిరిగే కండరం కూడా తెగి, రెండు కొసలూ పైకి, ముక్కు వైపు అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీసి, సరైన దిశలో తిప్పి కలపకపోతే పైకి గీత బాగానే ఉన్నా బిడ్డ నవ్వినప్పుడు పెదవి వంకరపోతుంది. అమెరికన్ సర్జన్ రాల్ఫ్ మిలార్డ్ 1950లలో కొరియాలో పనిచేస్తూ రూపొందించి, 1955లో స్టాక్‌హోమ్ సదస్సులో వివరించిన పద్ధతి, పెదవి లోపలి భాగాన్ని కిందికి తిప్పుతూ బయటి భాగాన్ని ముందుకు జరిపి, మచ్చ పెదవి సహజ గీతలో కలిసిపోయేలా చేస్తుంది. నేటికీ ప్రపంచంలో ఎక్కువమంది సర్జన్లు దాన్నో, దాని మార్పులనో అనుసరిస్తున్నారు.

అంగిలి శస్త్రచికిత్స సాధారణంగా తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల లోపల, బిడ్డ మాటలు పలకడం మొదలుపెట్టే వేళకు ముగియాలి. బ్రెజిల్‌లోనూ కొన్ని యూరప్ దేశాలలోనూ నిర్వహించి 2023లో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధన, అంగిలి మాత్రమే చీలి, ఆరోగ్యంగా ఉన్న శిశువులలో ఏడాదికి చేసినదాని కంటే ఆరు నెలలకు చేసిన ఆపరేషన్ మాటకు ఎక్కువ మేలు చేసిందని చూపింది. అయితే అంత చిన్న వయసులో మత్తు ఇవ్వడానికి తగిన నిపుణులూ, పరికరాలూ ఉన్నచోటే ఆ ఫలితం వర్తిస్తుంది. అంగిలి కండరాలే చెవి లోపలి గొట్టాన్ని కూడా తెరుస్తాయి కనుక, ఈ పిల్లలకు చెవిలో నీరు చేరి వినికిడి తగ్గడం సాధారణం. మాట రాని బిడ్డకు నిజానికి వినపడటమే లేదని ఎంతో ఆలస్యంగా తెలుసుకునే కుటుంబాలున్నాయి.

రెండు మూడేళ్ల వయసు నుంచి మాట శిక్షణ మొదలవుతుంది. ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య, కోరపన్ను దిగేలోపు, చిగురులో మిగిలిన ఖాళీని తుంటి ఎముక నుంచి తీసిన ఎముక పొడితో నింపుతారు. అది లేకపోతే పన్ను దిగడానికి ఆధారం ఉండదు. ఆ పైన పళ్ల వరసను సరిచేసే వైద్యం ఏళ్ల తరబడి సాగుతుంది. కొందరిలో పై దవడ ఎదుగుదల తగ్గి ముఖం మధ్యభాగం లోపలికి పోయినట్టు కనిపిస్తుంది కనుక, ఎదుగుదల పూర్తయ్యాక, పదిహేడు పద్దెనిమిదేళ్లకు, దవడను ముందుకు జరిపే శస్త్రచికిత్స, తరువాత ముక్కును తీర్చిదిద్దే శస్త్రచికిత్స అవసరమవుతాయి. సర్జన్, మత్తు డాక్టరు, పిల్లల వైద్యుడు, చెవి ముక్కు గొంతు నిపుణుడు, పళ్ల వైద్యుడు, మాట శిక్షకుడు, మానసిక సలహాదారు ఒక జట్టుగా పనిచేసే విధానాన్ని సమగ్ర చీలిక చికిత్స అంటారు. దాతృత్వం దేనికి సాయపడాలన్న ప్రశ్నకు జవాబు ఈ క్రమంలోనే ఉంది.

దాతృత్వం నడిచిన తోవ

పేద దేశాల పిల్లలకు ముఖ శస్త్రచికిత్సలు చేయించే ఆధునిక సంస్థలకు తొలి రూపం, 1969లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కు చెందిన సర్జన్ డొనాల్డ్ లాబ్ స్థాపించిన ఇంటర్‌ప్లాస్ట్. ఫిలిప్పీన్స్‌లోని నాగా నగరానికి వెళ్లి, చేయగలిగిన కొద్దిమందికి ఆపరేషన్లు చేసి, ఆశతో వచ్చిన వందలమందిని వెనక్కి పంపవలసి వచ్చిన విలియం మెగీ, కాథ్లీన్ మెగీ దంపతులు 1982లో ఆపరేషన్ స్మైల్‌ను ప్రారంభించారు. ఈ తొలి సంస్థల పద్ధతి యాత్రల పద్ధతి: విదేశీ వైద్య బృందం పరికరాలతో సహా వచ్చి, వారం పది రోజుల్లో పదులకొద్దీ, వందలకొద్దీ ఆపరేషన్లు చేసి తిరిగి వెళ్లేది. వైద్యమే లేనిచోట అది గొప్ప ఉపకారం. అయితే బృందం వెళ్లిపోయిన నెలకు కుట్టు విడిపోయినా, అంగిలిలో రంధ్రం మిగిలినా చూసే నాథుడుండడు. వచ్చినవారికి సేవలు అందించిన స్థానిక డాక్టరు మాత్రం ఆ పని నేర్చుకునే వీలు లేక మళ్లీ మరుసటి ఏటి యాత్ర కోసం ఎదురుచూడవలసి వచ్చేది.

ఈ లోటును గుర్తించి, 1999లో న్యూయార్క్‌లో ఏర్పడిన స్మైల్ ట్రెయిన్ మరో దారి ఎంచుకుంది. సర్జన్లను విమానం ఎక్కించడానికి బదులు, స్థానిక ఆసుపత్రితో ఒప్పందం చేసుకుని, అక్కడి వైద్యులకు శిక్షణ ఇప్పించి, ఉచితంగా చేసిన ప్రతి ఆపరేషన్‌కూ ఆసుపత్రికి నిర్ణీత మొత్తం చెల్లించడం దాని విధానం. చికిత్సకు ముందూ తరువాతా తీసిన ఫొటోలు, రికార్డులు ఆసుపత్రి పంపితే నిపుణులు వాటిని పరిశీలిస్తారు. 2000 నుంచి భారతదేశంలో పనిచేస్తున్న ఈ సంస్థ సాయంతో దేశంలో లక్షల సంఖ్యలో శస్త్రచికిత్సలు జరిగాయి. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ ప్రాంతపు పేద బాలిక వారణాసిలో చికిత్స పొందిన వైనాన్ని చిత్రించిన మేగన్ మైలన్ డాక్యుమెంటరీ ‘స్మైల్ పింకీ’ 2009లో ఆస్కార్ అందుకుంది. ఊరూరూ తిరిగి చీలిక ఉన్న పిల్లలను వెతికి, వారి పెద్దలకు నచ్చజెప్పే సామాజిక కార్యకర్తకు ఆ చిత్రంలో సర్జన్‌తో సమానమైన స్థానం దక్కింది.

విదేశీ సంస్థల రాకకు ఎంతో ముందే ఈ పనికి జీవితాలను అంకితం చేసిన భారతీయ వైద్యులున్నారు. ముంబయిలో చదివిన పార్సీ సర్జన్ హిర్జీ అదెన్‌వాలా 1959లో కేరళలోని త్రిశ్శూరులో జూబిలీ మిషన్ ఆసుపత్రికి వచ్చి, అక్కడే దశాబ్దాలపాటు చీలిక శస్త్రచికిత్సలు చేసి, తన గురువు చార్లెస్ పింటో పేరుతో ఉన్న కేంద్రాన్ని దేశంలో పేరెన్నికగన్నదిగా తీర్చిదిద్దారు. హైదరాబాదులో డాక్టర్ గోస్లా శ్రీనివాసరెడ్డి నడిపే జీఎస్‌ఆర్ సంస్థ పేద కుటుంబాల పిల్లలకు దాతల తోడ్పాటుతో చికిత్స చేస్తూ, దేశవిదేశాల యువ సర్జన్లకు శిక్షణ ఇస్తున్నది. అస్సాంలోని గువాహటిలో ఆపరేషన్ స్మైల్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వం, టాటా ట్రస్టుల తోడ్పాటుతో ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణలోనే 2011లో శాశ్వత కేంద్రాన్ని నెలకొల్పింది; యాత్రలతో మొదలైన సంస్థే ఒకచోట స్థిరపడి పనిచేయవలసిన అవసరాన్ని గుర్తించిందనడానికి అది నిదర్శనం.

కనిపించే పెదవి, కనిపించని అంగిలి

దాతలను కదిలించేది ఫొటో. చీలిన పెదవితో ఉన్న బిడ్డ, ఆపరేషన్ తరువాత నవ్వుతున్న అదే బిడ్డ: ఈ రెండు చిత్రాలు పక్కపక్కన చూసినవారికి తమ డబ్బు ఏం చేసిందో మాటలతో చెప్పనక్కరలేదు. ఆ ఫొటోలే ఈ రంగానికి కోట్ల రూపాయలు తెచ్చాయి, ఆ మేలును తక్కువ చేసి చూడటం తగదు. కానీ అంగిలి ఫొటోలో కనిపించదు. మాట ఫొటోలో వినిపించదు. పెదవి బాగుపడగానే బిడ్డ అందరిలా కనిపిస్తాడు కనుక కుటుంబమూ పని అయిపోయిందనుకుంటుంది. సొమ్మిచ్చిన దాతా అదే అనుకుంటాడు. చికిత్సలో కష్టమైన సగం అప్పటికి మొదలు కూడా కాకపోవచ్చు.

మాట సంగతి వివరంగా చూస్తే ఈ లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. ప, బ, త, ద, క, గ వంటి అక్షరాలు పలకాలంటే నోటిలో గాలి ఒక్క క్షణం ఆగి, ఒత్తిడితో బయటికి రావాలి. అందుకు మెత్తని అంగిలి వెనక్కి లేచి ముక్కు వైపు దారిని మూయాలి. అది మూయలేనప్పుడు గాలి ముక్కులోకి జారి, బ అన్నది మ లాగా, ద అన్నది న లాగా వినిపిస్తుంది. బాబు అని పిలిస్తే మాము అన్నట్టుంటుంది. మ, న లాంటి అనునాసికాలు మాత్రం ఎప్పటిలాగే పలుకుతాయి. పిల్లవాడు ఈ లోటును తనకు తోచినట్టు పూడ్చుకోవడానికి గాలిని నోటిలో కాక గొంతు దగ్గరే ఆపి పలకడం అలవాటు చేసుకుంటాడు. ఆ అలవాటు ఒకసారి స్థిరపడితే, తరువాత అంగిలిని ఎంత చక్కగా కుట్టినా దానంతట అది పోదు. నెలల తరబడి, ఒక్కొక్క అక్షరంగా, మాట శిక్షకుడి దగ్గర మళ్లీ నేర్చుకోవలసిందే. తరగతిలో పాఠం చదవమంటే తోటిపిల్లలు నవ్వుతారని లేచి నిలబడని పిల్లవాడు, తెలివితేటలలో ఎవరికీ తీసిపోకపోయినా వెనకబడిపోతాడు.

మాట శిక్షకులు దొరకడమే అసలు సమస్య. వాక్కు, వినికిడి రంగంలో నిపుణులను తయారుచేయడానికి 1965లో మైసూరులో అఖిల భారత సంస్థ ఏర్పడినా, నేటికీ నిపుణులలో అత్యధికులు నగరాలలోనే ఉన్నారు. పైగా శిక్షణ పిల్లవాడి మాతృభాషలో జరగాలి. తెలుగు పిల్లవాడికి తెలుగు పదాలతోనే సాధన చేయించాలి. వారం వారం నగరానికి తీసుకెళ్లాలంటే కూలికి వెళ్లే తల్లి ఒక రోజు వేతనం వదులుకోవాలి, బస్సు ఛార్జీలు పెట్టుకోవాలి, ఇంట్లో మిగతా పిల్లలను ఎవరికో అప్పగించాలి; రెండు మూడు వారాల తరువాత రావడం మానేస్తే ఆమెను తప్పుపట్టడానికి లేదు. తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లాలో శ్రీరామచంద్ర విశ్వవిద్యాలయ నిపుణులు ఈ చిక్కుకు ఒక దారి చూపారు: స్థానిక కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, పిల్లల ఇళ్ల దగ్గరే మాట సాధన చేయించి, నిపుణులు పైనుంచి పర్యవేక్షించే పద్ధతిని అక్కడ అమలుచేశారు. ఫోన్‌లో వీడియో ద్వారా శిక్షణ ఇవ్వడం కూడా ఇప్పుడు సాధ్యమవుతున్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాలలో ఇలాంటి ఏర్పాటుకు అయ్యే ఖర్చు ఆపరేషన్ గది ఖర్చుతో పోలిస్తే తక్కువే, కానీ ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా రావలసిన డబ్బు అది.

ప్రభుత్వం చేతిలో ఉన్నవి

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలై తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించిన ఆరోగ్యశ్రీ పథకం పెదవి, అంగిలి చీలికల శస్త్రచికిత్సలను తన జాబితాలో చేర్చింది. 2013 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బడులలో పరీక్షించి, చీలిక సహా పుట్టుకతో వచ్చే లోపాలను గుర్తించి జిల్లా స్థాయి కేంద్రాలకు పంపే బాధ్యత తీసుకుంది. ఈ రెండూ కలిసి పనిచేస్తే బిడ్డను వెతకడమూ, శస్త్రచికిత్స ఖర్చూ చాలావరకు ప్రభుత్వమే భరించగలదు. అప్పుడు దాతల సొమ్ము పథకాలు చేరని ఖాళీలకు మళ్లవచ్చు: ప్రయాణ ఖర్చులు, ఆసుపత్రిలో తోడుండే తల్లికి భోజనం, పోగొట్టుకున్న కూలికి పరిహారం, మాట శిక్షణ, పళ్ల వైద్యం, రెండో మూడో శస్త్రచికిత్స కోసం పదేళ్ల తరువాత కుటుంబాన్ని వెతికి పిలిపించే మనిషి జీతం. నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు లాభాలలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని 2013 నాటి కంపెనీల చట్టం విధించింది కనుక, ఈ దీర్ఘకాలిక అవసరాలకు మళ్లించగల నిధులకు దారి ఉంది.

చీలిక ఒక్కటే కాక, ముఖ శస్త్రచికిత్స అవసరమయ్యే ఇతరుల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. యాసిడ్ దాడి బాధితులకు కనీసం మూడు లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2013లో, ప్రైవేటు ఆసుపత్రులు కూడా వారికి ఉచితంగా చికిత్స చేయాలని 2015లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం యాసిడ్ బాధితులనూ, మాట, భాష వైకల్యం ఉన్నవారినీ తన పరిధిలోకి తెచ్చింది. కాలిన ముఖానికి చర్మం అతికించడం, బిగుసుకుపోయిన కనురెప్పను వదులుచేయడం, మూసుకుపోయిన నోటిని తెరవడం ఏళ్ల తరబడి విడతలవారీగా జరిగే పనులు. పరిహారం ఒకసారి చేతికి వస్తుంది, అవసరం మాత్రం ఏటా వస్తుంది. ఆ మధ్య కాలాన్ని దాటించేవారే అసలైన ఆదుకునేవారు.

దాత అడగవలసిన ప్రశ్నలు

సాయం చేయదలచిన వ్యక్తి గానీ, కంపెనీ గానీ, విదేశాలలోని తెలుగు సంఘం గానీ ఒక సంస్థను ఎంచుకునే ముందు ఎన్ని ఆపరేషన్లు చేశారని అడగడం సహజం. దానితో పాటు అడగవలసినవి మరికొన్ని ఉన్నాయి. పసిపిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవమున్న డాక్టరూ, ఆపరేషన్ సాగినంతసేపూ రక్తంలో ఆక్సిజన్‌ను చూపే పరికరమూ ఆ ఆసుపత్రిలో ఉన్నాయా? పెదవి చేయించుకున్న పిల్లలలో అంగిలికి తిరిగి వచ్చినవారు ఎందరు? అంగిలిలో రంధ్రం మిగిలిన పిల్లలను లెక్కిస్తున్నారా, వారికి మళ్లీ ఉచితంగా చేస్తున్నారా? మాట శిక్షకుడు జీతం మీద ఉన్నాడా? రావడం మానేసిన కుటుంబాన్ని వెతుక్కుంటూ వెళ్లేవారెవరు? బిడ్డ ఫొటోను ప్రచారంలో వాడుకునే ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నారా, ఆ ఫొటో వాడవద్దన్నా చికిత్స మామూలుగానే అందుతుందా? మంచి సంస్థ ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు. ఎవరైనా అడిగినందుకు సంతోషిస్తుంది.

డబ్బు ఇవ్వలేనివారు చేయగల సాయమూ తక్కువది కాదు. ఊళ్లో చీలికతో బిడ్డ పుట్టిందని తెలిసినప్పుడు, తల్లి తప్పేమీ లేదని ఆ ఇంటి పెద్దలకు గట్టిగా చెప్పడం, మొదటి వారంలోనే ఆశా కార్యకర్త ద్వారా జిల్లా కేంద్రానికి కబురు పంపడం, పాలు పట్టే పద్ధతి చూపించగలవారి దగ్గరికి ఆమెను తీసుకెళ్లడం ఎవరైనా చేయగల పనులు. తరగతిలో ముక్కుతో మాట్లాడే పిల్లవాడున్నప్పుడు వెక్కిరింతను ఆపి, అతడు చెప్పేది పూర్తిగా వినే ఉపాధ్యాయుడు మాట శిక్షకుడి పనిలో సగం చేసినట్టే. చికిత్స అందక పెద్దవారైనవారికి కూడా పెదవి, అంగిలి శస్త్రచికిత్సలు సాధ్యమేననీ, వయసు మీరిందని ఊరుకోనక్కరలేదనీ తెలియజెప్పడమూ అవసరమే.

పసిబిడ్డ పెదవిని కుట్టడానికి గంటా గంటన్నర సమయం చాలు. ఆ బిడ్డ నోరారా తిని, నోరు తెరిచి మాట్లాడి, చదువుకుని, తన కాళ్ల మీద తాను నిలబడటానికి పద్దెనిమిదేళ్లు పడుతుంది. ఒక్క ఆపరేషన్‌కు ఇచ్చే సొమ్ము పుణ్యకార్యమే, దానికి వంక పెట్టనక్కరలేదు. అయితే ఈ రంగంలో పనిచేసే సంస్థలూ, ప్రభుత్వమూ, దాతలూ ఇకపై తమ విజయాన్ని ఆపరేషన్ల సంఖ్యతో కాక, పద్దెనిమిదేళ్లు వచ్చేనాటికి స్పష్టంగా మాట్లాడగలుగుతున్న యువతీయువకుల సంఖ్యతో కొలవడం మొదలుపెట్టాలి. ఆ లెక్క రాయడం మొదలైన రోజున డబ్బు తనంతట తానే అంగిలి వైపు, మాట వైపు, పల్లెలో ఇంటింటికీ తిరిగే కార్యకర్త వైపు మళ్లుతుంది.